మూడో నోటుబుక్కు ఆఖరి పేజీ

మేడ మీద గది, డిపో వీధి
జూన్ 2

పెంకీ,

నీ పిన్ని బతికే ఉంది. మోకాళ్లు కూడా ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్ల మనిషి వీపుకు సంచీ తగిలించుకుని దేశంకాని దేశంలో తిరగడమేమిటని నువ్వు మూతి ముడుచుకున్నావు గాని, ఇక్కడ నన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు. నేను నోరు తెరిచినప్పుడే నవ్వుతున్నారు.

వచ్చి అయిదు వారాలైంది. భాష నేర్చుకునే నా పద్ధతి నీకు తెలిసిందే. చెవిన పడ్డ మాటను పడ్డట్టే మన అక్షరాల్లో రాసుకుంటాను. కింద వరుస ఖాళీగా వదిలేస్తాను. సాయంత్రం ఇంటావిడ దగ్గర కూర్చుని అర్థం అడిగి ఆ ఖాళీ నింపుతాను. గది అద్దెకిచ్చిన ఈవిడకి కోపం ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. ముప్పై ఒక్కేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా నాది, పేజీ నంబరు వేయకుండా ఒక్క కాగితం వదలడం లేదు.

మూడో నోటుబుక్కు ఇవాళ్టితో నిండింది. వీపు బరువు తగ్గాలి కాబట్టి మొదటి రెండిటిలాగే దీన్నీ విడిగా పార్సిల్లో నీకే పంపుతున్నాను. రేపు పొద్దున బస్సెక్కే ముందు తపాలాలో వేస్తాను. ఆఖరి పేజీలో ఉన్న నాలుగు వరుసలు ఈ సాయంత్రం డిపోలో విన్నవి. మమ్మల్ని కొండ మీది నుంచి దింపిన డ్రైవరు డిపో గుమాస్తాతో చాలాసేపు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. బస్సు రేకు మీద అరచేత్తో తడుతూ అన్నాడు. నా సంచీ అన్నిటికంటే అడుగున ఇరుక్కుపోయింది కాబట్టి అక్కడే నిలబడి మొత్తం రాసుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగుదామంటే ఇంటావిడ ఊళ్లో లేదు. ఆ ఖాళీలు ఖాళీగానే వస్తున్నాయి, ఏమీ అనుకోకు.

రేపు అదే బస్సులో మళ్లీ కొండెక్కుతున్నాను.

పిన్ని


ఇల్లు, వంటగది బల్ల
జూన్ 15

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. మొదటి రెండు పార్సిళ్లూ ఎప్పుడో అందాయి. విప్పలేదు, అటక మీద పెట్టాను. కోపం వచ్చిందా? నాకూ వచ్చింది, నువ్వు వెళ్లిన రోజు నుంచి.

ల్యాబులో రోజుకు అరవై మందికి సూది గుచ్చి నెత్తురు తీస్తాను. అందులో సగం మంది నిన్నెరిగినవాళ్లే. "మీ పిన్ని ఏ దేశంలో ఉందమ్మా ఇప్పుడు" అని చెయ్యి చాపుతూనే అడుగుతారు. వాళ్లకి సమాధానం చెప్పలేక చస్తున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచావు, చదివించావు, పెళ్లి చేశావు, ఇంక నీ ఇష్టం నీది. ఒప్పుకున్నాను. ఒక్క మాట మాత్రం విను. సెప్టెంబరు దాటకుండా వచ్చెయ్. కారణం అడక్కు.

ఈ కొట్టివేతలు చూసి తిట్టకు. తిన్నగా ఒక వాక్యం రాయడం నీ కూతురికి ఎప్పుడు చేతనైంది గనక.

పెంకి


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం
జూన్ 18

పెంకీ,

ముందే చెప్పేస్తాను. నా ఎడమచెయ్యి విరిగింది. కుడిచెయ్యి బాగుంది, రాస్తున్నది అదే.

మూడో తారీఖు పొద్దున మా బస్సు కొండదారి మధ్యలో వచ్చే దిగుడులో పట్టు తప్పి మలుపు దగ్గర గోడను గుద్దింది. నేను డ్రైవరు పక్క సీట్లో ఉన్నాను. నా వెనక కూర్చున్న వడ్రంగి చనిపోయాడు. గోనెగుడ్డలో చుట్టిన రంపాన్ని ఒళ్లో పెట్టుకుని, దాన్ని వాళ్ల భాషలో ఏమంటారో నాకు మూడుసార్లు చెప్పాడు. నేను తప్పు పలికితే ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. ఆ మాట ఇప్పుడు నాకు బాగా వచ్చు. ఎవరితో అనాలో తెలియడం లేదు.

నాలుగో రోజున దర్యాప్తు అధికారి వచ్చాడు. చొక్కా మీద ఒక్క ముడత లేదు. నేను సైగలతో, వచ్చీరాని మాటలతో చెప్పింది తనే రాసుకొచ్చి, సంతకం పెట్టమన్నాడు. నీ పిన్ని ఊరికే పెడుతుందా? నా వయసు ఎనభై అయిదని వేశాడు, దిద్దాను. సీటు నంబరు తప్పు, దిద్దాను. తారీఖు, వీధి పేరు, ఇంటి నంబరు, అన్నీ నా టిక్కెట్టుతోనూ కాగితాలతోనూ పోల్చి చూసి మొత్తం పదకొండు దిద్దుబాట్లు చేశాను. ప్రతి దిద్దుబాటు పక్కన, మన అచ్చాఫీసు పద్ధతిలో, మార్జిన్లో పొట్టి సంతకం. ఆయన మొదట బిత్తరపోయాడు, తర్వాత తనే వెళ్లి నాకు టీ తెచ్చాడు. పక్క మంచం ఆవిడ నన్ను మెచ్చుకుంది.

పాస్‌పోర్టు భద్రంగా ఉంది. దిగులు పడకు.

పిన్ని


ఇల్లు
జూలై 1

పిన్నీ,

పాస్‌పోర్టు గురించి నేను అడగలేదు. అడగని దానికి జవాబు రాశావు. భద్రంగా ఎవరి దగ్గర ఉంది?

ఎముక అతికిందా? కట్టు ఎప్పుడు విప్పుతారు? టిక్కెట్టు ఏ రోజుకి? ఈ మూడిటికీ సూటిగా రాయి. నీ ఉత్తరం నీ అల్లుడు రెండుసార్లు చదివాడు. "ఏదో దాస్తోంది" అన్నాడు. అన్నం తింటూ ఊరికే అనేసి లేచిపోయాడు.

పెంకి


మేడ మీద గది
జూలై 13

పెంకీ,

కట్టు విప్పారు. పాస్‌పోర్టు దర్యాప్తు అధికారి సొరుగులో ఉంది. టిక్కెట్టు లేదు. ఇదీ సంగతి, కూర్చుని చదువు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ కాగితం నకలు ఇంటావిడకి గొప్పగా చూపించాను. చదువుతూ చదువుతూ ఆవిడ ముఖం పాలిపోయింది. "ఇది నువ్వు చూశావా" అని అడిగింది. మూడో పేరాలో ఉంది. డ్రైవరు మలుపుకి ముందు కళ్లు మూసుకున్నాడట, తల వాలిపోయిందట, నేను కళ్లారా చూశానట. నేను అలా అనలేదు. ఆయన బ్రేకు పెడల్ మీద లేచి నిలబడ్డంత పని చేశాడు, పెద్దగా అరిచాడు. ఆ మనిషి నిద్రపోవడమేమిటి?

నేను ఎందుకు చూడలేదంటావా. మా పనిలో మొదటి పాఠం అదే మరి. విషయంలో పడకూడదు, పడితే తప్పులు కనబడవు. నవల చివరి పుట దాకా దిద్ది, హంతకుడెవరో తెలియకుండా ఇంటికి వెళ్లిన దాన్ని నేను. అయిదారు వారాల భాషతో అంకెలూ పేర్లూ పోల్చుకుంటూ పోయాను. మూడో పేరాలో దిద్దడానికి అంకెలు లేవు, దాటేశాను.

డ్రైవరు జైల్లో ఉన్నాడు. సెప్టెంబరు మూడున విచారణ. డ్రైవరు తరఫున వాదించే వకీలమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. పొట్టి మనిషి, కుర్చీలో కాళ్లు నేలకు ఆనవు. నకలు బల్ల మీద పరిచి, పదకొండు సంతకాల మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇంత జాగ్రత్తగా దిద్దిన మనిషి చదవలేదంటే ఎవరు నమ్ముతారండీ" అంది.

అధికారి మాట ఇంకోలా ఉంది. విచారణలో ఆ కాగితానికి కట్టుబడితే మర్నాడే పాస్‌పోర్టు ఇస్తాడట. కాదంటే అబద్ధపు వాంగ్మూలం ఇచ్చానని నా మీద విచారణ, అది తేలేదాకా ఇక్కడే.

నిన్న డ్రైవరు భార్య వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ముందురోజే డిపోలో చెప్పాడు కదా, బ్రేకు బాగాలేదని, మీరు పక్కనే ఉన్నారట కదా" అంది. ఉన్నాను గాని అప్పుడు నాకు మీ భాష రాదు అన్నాను. అంటూండగానే గుర్తొచ్చింది. రాదు గాని, రాసుకున్నాను కదా.

మూడో నోటుబుక్కు, ఆఖరి పేజీ. పార్సిల్ అందే ఉంటుంది. ఆ నాలుగు వరుసలూ ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించి వెంటనే పంపు. బ్రేకు గురించే అన్నాడో, జీతం గురించి అన్నాడో నాకు తెలియదు. ఇప్పుడైతే చదివితే తెలుస్తుంది.

పిన్ని


ఇల్లు, వెనక గది మంచం
జూలై 26

పిన్నీ,

మూడో పార్సిల్ ఇంకా మాకు అందలేదు.

మంచం మీది నుంచి ఎందుకు రాస్తున్నానో చెబుతాను. ఇప్పుడు నాకు ఆరో నెల దాటింది. నువ్వు వెళ్లేటప్పటికే మూడో నెల. రెండుసార్లు నీకు చెప్పి, రెండుసార్లూ పోగొట్టుకున్నాను. ఈసారి నోరు విప్పితే ఏమవుతుందోనని నీకు కూడా చెప్పలేదు. అక్టోబరు రెండో వారం అన్నారు. డాక్టరమ్మ ల్యాబు మానిపించింది, మెట్లు ఎక్కొద్దంది. నేను ఊళ్లో వాళ్లందరికీ సూదులు గుచ్చిన దాన్నే గాని, నాకు గుచ్చేటప్పుడు పక్కన నువ్వుండాలి. పోయినసారి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది నువ్వే. మళ్లీ అలాంటిదేదైనా అయితే నేను ఒక్కదాన్నే భరించలేను పిన్నీ.

ఆ డ్రైవరు ఎవరు మనకి? వాళ్ల దేశం, వాళ్ల కోర్టు, వాళ్ల గొడవ. నిన్ను అబద్ధం ఆడమని అడగడం లేదు. సంతకం పెట్టిన కాగితం ఎలాగూ ఉంది, మాట్లాడకుండా నిలబడు, పాస్‌పోర్టు తీసుకుని వచ్చెయ్. నేను చెడ్డదాన్నయితే అయ్యాను.

పెంకి


మేడ మీద గది
ఆగస్టు 7

పెంకీ,

ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో ఇంటావిడని అడగాలి. సంతోషంతోనే. ఆవిడ నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచింది. ఎడమవైపు తిరిగి పడుకో. నీరసంగా ఉన్నా వేళకి తిను. అల్లుణ్ణి ఇంటి పనులకి పురమాయించు, వాడికి బద్ధకం గాని చేతకానితనం లేదు.

ఇప్పుడు రెండో సంగతి. నేను ఆ కాగితానికి కట్టుబడలేను. మాట్లాడకుండా నిలబడడం కూడా అబద్ధమే అవుతుంది. నిన్న జైలుకు వెళ్లాను. ఆ డ్రైవరు నన్ను తిడతాడనుకున్నాను. ముందు నా చెయ్యి ఎలా ఉందని అడిగాడు. వడ్రంగి ఇంటికి ఎవరైనా వెళ్లారా అని అడిగాడు. తర్వాత, బస్సు తియ్యనని గట్టిగా ఎందుకు అనలేకపోయానా అని తల కొట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకోలేదు. నేను చూశాను. నోటుబుక్కు ఉన్నా లేకపోయినా ఆ మాటే చెబుతాను. అది లేకపోతే ఎవరూ నమ్మరు, ఆయనకి ఏడేళ్ల జైలు పడుతుందని వకీలమ్మ అంటోంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో కొట్టివేతలు ఇరవై మూడు. ప్రతి వరుసలోనూ ఏదో ఒకటి కొట్టి మళ్లీ రాశావు. పార్సిల్ అందలేదన్న వాక్యం ఒక్కటే శుభ్రంగా ఉంది, చిత్తుకాగితం మీద ముందు రాసి చూసుకుని ఎక్కించినట్టు.

నాకు తోచింది రాశాను. నా చూపు తప్పయితే నన్ను క్షమించు.

పిన్ని


ఇల్లు
ఆగస్టు 18

పిన్నీ,

నాలుగుసార్లు రాసి చూసుకున్నాను, ఆ వాక్యాన్ని.

పార్సిల్ జూన్ ఆఖరుకే అందింది. మిగతా రెండిటిలాగే అటక మీద పడేశాను. నీ జూలై ఉత్తరం వచ్చాక నీ అల్లుడు బల్లేసుకుని ఎక్కి దించాడు. విప్పి ఆఖరి పేజీ చూశాను. నాలుగు వరుసలు పైకి చదివాను. ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే నాకు బలమైపోయింది. అందులో ఏముందో నాకు తెలియదు కదా, అయితే నేను ఎవరి నోటికాడి కూడు తియ్యడం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు వారాలు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. కడుపులో వాడు తన్నినప్పుడల్లా ఆ నోటుబుక్కునే తంతున్నాడనిపించేది.

అసలు నోటుబుక్కునే ఈ పార్సిల్లో పంపుతున్నాను, రిజిస్టరు చేశాం. పైన చుట్టిన కాగితం కూడా దాచాను, దాని మీద తపాలా ముద్ర జూన్ మూడని స్పష్టంగా ఉంది. మొత్తం పుస్తకానికి ఒక జెరాక్సు నా దగ్గర ఉంచుకున్నాను. నాలుగు వరుసలూ విడిగా ఒక కాగితం మీద కూడా ఎక్కించాను, మూడుసార్లు పోల్చి చూశాను. నువ్వు నేర్పినట్టే.

నువ్వు రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అది మాత్రం అబద్ధం కాదు.

పెంకి


వకీలమ్మ ఆఫీసు
ఆగస్టు 27

పెంకీ,

అందింది. కాగితం చేతిలోకి తీసుకుని చదివాను. జూన్‌లో ఆ చప్పుళ్లు రాసింది నేనే, ఇప్పుడు వాటికి అర్థం వచ్చింది. ఇదిగో, ఆ ఖాళీలు నువ్వే నింపుకో.

మొదటి వరుస: పై మలుపు దగ్గర బ్రేకు అడుగుదాకా పోయింది. రెండోది: పోయిన వారమే రాసి ఇచ్చాను. మూడోది: రేపు ఈ బండిలో మనుషుల్ని ఎక్కించొద్దు. నాలుగోది గుమాస్తా మాట: నడపడం ఇష్టం లేకపోతే ఇంటికి పో, నీ తర్వాత పదిమంది ఉన్నారు.

వకీలమ్మ నా చేత పైకి చదివించుకుని కళ్లు మూసుకుంది. తర్వాత అసలు చిక్కు చెప్పింది. ఈ అక్షరాలు ఇక్కడ చదవగలిగింది నేనొక్కదాన్నే. ఒకసారి మాట మార్చిన సాక్షిని. పుస్తకంలో ఏమున్నా నా ఇష్టమొచ్చినట్టు చదివానంటారు. అందుకని జడ్జిగారిని ఒకటి అడిగింది, ఆయన ఒప్పుకున్నాడు. ఈ అక్షరాలు వచ్చి, ఈ భాష ఒక్క ముక్క రాని మనిషి ఎవరైనా చదవాలి. నన్ను ఆ గదిలోంచి బయటికి పంపేస్తారు.

ఆ మనిషివి నువ్వే. సెప్టెంబరు మూడున మీకు మధ్యాహ్నం రెండింటికి ఫోను వస్తుంది, ఇది అంతలోపే అందాలని స్పీడు తపాలాలో వేస్తున్నాను. జెరాక్సు దగ్గర పెట్టుకో. పేజీ నంబరు మన భాషలో ఎలా చెప్పాలో కోర్టు గుమాస్తాకి నేర్పాను. ఆయన నంబరు చెబుతాడు, నువ్వు ఆ పేజీలో కింది అర్థాలు వదిలేసి, పై వరుసలు మాత్రం చదవాలి.

ఇంకో మాట కూడా రాయాలి, దాచడం మనిద్దరికీ అచ్చిరాలేదు. నువ్వు అది చదవకపోతే జడ్జిగారు పాత కాగితాన్నే నమ్మి నన్ను వదిలేస్తాడట, చదివితే ఆ రోజునే నా మీద విచారణ మొదలవుతుంది. నవంబరు దాటుతుందని వకీలమ్మ అంది. అంటే అక్టోబరులో నేను నీ పక్కన ఉండను. నువ్వు ఒక వరుస దాటేసినా, రెండు ముక్కలు తడబడినా ఎవరూ నిన్నేమీ అనలేరు. నేనూ అనను, ఆ తల్లి మనసు నాకు తెలుసు.

పిన్ని


ఇల్లు
సెప్టెంబరు 3

పిన్నీ,

ఇప్పుడే కోర్టు ఫోను ముగిసింది. రిసీవరు పక్కన పెట్టి రాస్తున్నాను.

రెండు దాటి పది నిమిషాలకు మోగింది. నీ అల్లుడు ఫోను తీగ లాగి మంచం దగ్గర పెట్టాడు, నా వెనక దిండ్లు సర్దాడు. అవతల ఎవరో "పన్నెండు" అన్నారు, నువ్వు నేర్పినట్టున్నావు, చక్కగానే అన్నాడు. పన్నెండో పేజీ చదివాను. ఉన్నట్టుండి గదినిండా మనుషులు నవ్వారు. ఏదో తప్పు చదివాననుకున్నాను. తర్వాత చూస్తే నీ కింది వరుసలో ఉంది: ఈ బంగాళాదుంపలకి నా కంటే వయసెక్కువ.

తర్వాత "అరవై ఒకటి" అన్నారు. అదే ఆఖరి పేజీ.

మొదటి వరుస చదివాను. అటు నవ్వు ఆగిపోయింది. రెండోది చదివాను. మూడో వరుస దగ్గర ఆగాను పిన్నీ. దాటేసి నాలుగోది చదివితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. నీ అల్లుడు కూడా కాగితం వంకే చూస్తున్నాడు. అటు నుంచి ఎవరూ తొందర పెట్టలేదు. వడ్రంగి గుర్తొచ్చాడు. నేను ఎప్పుడూ చూడని మనిషి, ఒళ్లో రంపం. మూడో వరుస చదివాను. నాలుగోది కూడా చదివాను. ఒక్క అక్షరం తడబడలేదు.

అవతల ఒక మగమనిషి ఏడుపు వినబడింది. తర్వాత లైను పోయింది. ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. వెంటనే రాయి.

పెంకి


మేడ మీద గది
సెప్టెంబరు 13

పెంకీ,

డ్రైవరుని వదిలేశారు. డిపో గుమాస్తాని పిలిపించారు. డ్రైవరు రాసిచ్చిన చీటీ కూడా డిపో బీరువాలో దొరికింది. ఏడ్చింది డ్రైవరే. తను అన్న మాట తన భాషలోనే, ఎక్కడో ఉన్న ఆడపిల్ల గొంతులో వినేసరికి తట్టుకోలేకపోయాడట. నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి నీ గొంతు వినబడింది. మూడో వరుస దగ్గర నువ్వు ఆగినప్పుడు నేను బల్ల అంచు పట్టుకున్నాను. చదవమని మొక్కుకున్నానో వద్దని మొక్కుకున్నానో నాకే తెలియదు.

తర్వాత నన్ను లోపలికి పిలిచి జడ్జిగారు అడిగాడు, "ఆ అమ్మాయికి మా భాష నిజంగా రాదా?" అని. "రాదండీ, ఆమెకు నా చేతిరాత వచ్చు" అన్నాను. వాళ్ల భాషలో నేను తప్పు లేకుండా మాట్లాడిన మొదటి వాక్యం అదేనని ఇంటావిడ అంటోంది.

నా పదకొండు సంతకాల సంగతి అలాగే ఉంది. డిసెంబరు మొదటి వారం దాకా ఊరు దాటకూడదన్నారు. పాస్‌పోర్టు సొరుగులోనే ఉంది. అనుకున్నదే అయినా, ఆ కాగితం మీది తారీఖు రెండుసార్లు చదువుకున్నాను. నిన్ను ఆ మంచం మీద ఒంటరిగా వదిలేశాను పెంకీ. ఈ తప్పు దిద్దడానికి నా దగ్గర ఏ సిరా లేదు.

డ్రైవరు భార్య ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి. నీకు ఏమేం చెప్పాలో ఒక కాగితం నిండా చెప్పింది, జత చేశాను. ఆవిడ మాటలు పైన, అర్థం కింద. ఈసారి ఖాళీలు లేవు.

నొప్పులు మొదలైతే అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకో, విరిగితే విరగనీ. పుట్టగానే ఒక పని చెయ్యి. దాని మొదటి ఏడుపు ఎలా ఉందో మన అక్షరాల్లో రాసి నాకు పంపు. కింద వరుస ఖాళీగా వదిలెయ్. అర్థం నేను వచ్చాక ఇద్దరం కూర్చుని రాద్దాం.

పిన్ని